పదమూడో సర్గ, పద్నాలుగో సవరణ

మా పాపకు ఇప్పుడు అయిదు నెలలు. దాని అమెరికా పాస్‌పోర్టుకు మూడు నెలలు. ఆ పాస్‌పోర్టు చేతికొచ్చేదాకా, పాపకి ఇక్కడి పౌరసత్వం వస్తుందో రాదోనని మా ఇంట్లో నడిచిన వ్యవహారం గురించి రాయమని ఇద్దరు ముగ్గురు అడిగారు. వాళ్ళూ వీసా మీద ఉన్నవాళ్ళే, కడుపుతో ఉన్నవాళ్ళే. "అంత టెన్షన్‌ని ఎలా తట్టుకున్నావ్?" అన్నది వాళ్ళ ప్రశ్న. తట్టుకున్నానో లేదో మా ఆయన్ని అడగాలి. జరిగింది మాత్రం నేను చెప్పగలను.

మేముండేది టెక్సాస్‌లో, డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో. మా కాలనీలో సాయంత్రం వాకింగ్‌కి వెళ్తే పది మందిలో నలుగురు తెలుగులోనే ఫోన్ మాట్లాడుతూ ఎదురవుతారు. మా ఇద్దరివీ హెచ్-1బీ వీసాలు, అంటే ఉద్యోగం కోసం ఇచ్చే తాత్కాలిక వీసాలు. ఇక్కడే ఉండిపోవడానికి ఇచ్చే గ్రీన్ కార్డు లైనులో ఆయన నిలబడింది 2019లో. పెద్ద చదువుల ఉద్యోగులుండే ఆ ఈబీ-2 లైను మనవాళ్ళకి 2025లో 2012, 2013 దరఖాస్తుల దగ్గరే కదిలీ కదలకుండా ఉండిపోయింది. మా వంతు ఎప్పుడో లెక్క వేయడం మానేసి చాలా కాలమైంది.

2025 జనవరి 20న ట్రంప్ ప్రమాణం చేసిన రోజే ఒక ఆర్డర్ మీద సంతకం పెట్టారు. ఈ గడ్డ మీద పుట్టిన బిడ్డ ఈ దేశ పౌరుడే అని 1868లో అమెరికా రాజ్యాంగానికి వచ్చిన పద్నాలుగో సవరణ చెప్తుంది. ఇకనుంచి అందరికీ అది వర్తించదని ఆ ఆర్డర్ సారాంశం. తల్లి పత్రాలు లేకుండా ఉన్నా, అన్ని పత్రాలతో తాత్కాలిక వీసా మీద ఉన్నా సరే, తండ్రికి పౌరసత్వమో గ్రీన్ కార్డో లేకపోతే ఆ బిడ్డకు పౌరసత్వ పత్రాలు ఇవ్వకూడదు. అప్పటికే పుట్టినవాళ్ళ జోలికి రారు. ముప్ఫై రోజులు గడిచాక పుట్టబోయే వాళ్ళకి ఇది వర్తిస్తుంది.

ఆ రోజుకి నాకు మూడో నెల. మూడో నెల నిండేదాకా బయట చెప్పొద్దని తెనాలి నుంచి అమ్మ, హైదరాబాద్ నుంచి అత్తయ్య ఇద్దరూ గట్టిగా చెప్పారు. అందుకని ఆ వారమంతా అందరూ నా చుట్టూ నా గురించే మాట్లాడుకుంటుంటే, నాకేం సంబంధం లేనట్టు కూర్చున్నాను. ఎవరింట్లోనో ఆలస్యంగా పెట్టుకున్న సంక్రాంతి భోజనాల్లో ఒకాయన పులిహోర వడ్డించుకుంటూ, "మనకేం కాదులెండి, అది దొంగదారిన వచ్చినవాళ్ళకి" అన్నాడు. ఆయనకి గ్రీన్ కార్డు ఉంది, పిల్లలిద్దరూ ఎప్పుడో ఇక్కడే పుట్టారు. ఆ ఆర్డర్‌లో 'వర్క్ వీసా' అన్న మాట నేను కళ్ళారా చదివి వచ్చాను. పెదవి విప్పలేదు. ఫిబ్రవరి 20 లోపలే సిజేరియన్ చేసేయమని నెలలు నిండని మన ఆడపిల్లలు డాక్టర్లకు ఫోన్లు చేస్తున్నారని అప్పట్లో పేపర్లలో వచ్చింది. అది చదివి నవ్వినవాళ్ళూ ఉన్నారు. నాకైతే నవ్వు రాలేదు.

తర్వాత కోర్టులు రంగంలోకి దిగాయి. జనవరి 23నే సియాటిల్‌లో జడ్జి జాన్ కాఫనర్ ఆర్డర్‌ని ఆపేశారు. ఫిబ్రవరి 5న మేరీలాండ్‌లో ఇంకో జడ్జి దేశం మొత్తానికీ ఆపుతూ ఉత్తర్వు ఇచ్చారు. ఆ తర్వాత న్యూ హాంప్‌షైర్, మాసచూసెట్స్. హమ్మయ్య అనుకున్నాం. స్కాన్‌లో పాప వేళ్ళు చూశాం, ఉయ్యాల కొన్నాం. కానీ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్ళింది, మే 15న వాదనలు జరిగాయి. అక్కడి నుంచి నాకు రాత్రి నిద్ర పోయింది.

నా భక్తి గురించి ముందే చెప్పేస్తాను. పండక్కి పులిహోర, పరీక్షకి దండం, ఆ బాపతు. వీసా స్టాంపింగ్‌కి ముందు చిలుకూరు బాలాజీ గుడికి వెళ్ళి పదకొండు ప్రదక్షిణలు చేశాను, వచ్చాక నూట ఎనిమిది చేశాను. హైదరాబాద్‌లో ఉండి అమెరికా వచ్చినవాళ్ళలో అది చేయనివాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మా అత్తయ్య మే నెల ఎండలో, ఆ మోకాళ్ళ నొప్పులతో, గండిపేట చెరువు దగ్గరున్న ఆ గుడికి మళ్ళీ వెళ్ళి నా కోసం పదకొండు తిరిగొచ్చారు. "హుండీ కూడా లేని దేవుడమ్మా ఆయన, మన దగ్గర ఏం ఆశిస్తాడు, వింటాడు" అన్నారు ఫోన్లో. పని అయితే నూట ఎనిమిదీ తనే తిరుగుతానని మొక్కుకున్నారట. ప్రదక్షిణల లెక్క తప్పకుండా గళ్ళు కొట్టుకునే కార్డు ఒకటి ముందే తెచ్చి పెట్టుకున్నారు. నాకు కళ్ళు చెమర్చాయి. కానీ భయం మాత్రం తగ్గలేదు. ఇంకొకరు మన కోసం మొక్కుకుంటే ఊరట వస్తుంది. ధైర్యం వేరే సంగతి, అది మనమే తెచ్చుకోవాల్సి వచ్చేలా ఉంది.

మా రెండు వీధుల అవతల ఒక ఆంటీ ఉంటారు. గుంటూరు జిల్లావారే. ఈ దేశం వచ్చి నలభై ఏళ్ళు కావస్తోంది, సిటిజన్ అయి కూడా చాలా ఏళ్ళయింది. ఆవిడ ఇంట్లో శనివారాలు పారాయణం జరుగుతుంది. జూన్ మధ్యలో సుందరకాండ మొదలుపెడుతున్నామని, రోజుకో సర్గ చొప్పున అరవై ఎనిమిది రోజులని, కడుపుతో ఉన్నదానివి నువ్వూ రమ్మని పిలిచారు. తోటి ఆడవాళ్ళు ఆరేడుగురం. శనివారం ఆవిడ ఇంట్లో, మిగతా రోజుల్లో రాత్రి భోజనాలయ్యాక ఫోన్ కాల్‌లో. ఒకరు శ్లోకం చదవాలి, ఇంకొకరు తాత్పర్యం చదవాలి.

మొదటి సర్గ రోజే నా నడుము పడిపోయింది. అది రెండొందల శ్లోకాలకు పైన ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. హనుమంతుడు సముద్రం దాటడానికి పట్టిన టైమ్ కంటే మాకే ఎక్కువ పట్టిందని మా ఆయన జోకు. ఆయనకి ఇలాంటివాటి మీద నమ్మకం లేదు, ఉందని ఎప్పుడూ నటించలేదు కూడా. ఆయన చదివేది కోర్టు కాగితాలు. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా దంపతులకు పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ అనే వంటవాడు సొంత దేశానికే తిరిగి రానివ్వకపోతే కోర్టుకెక్కి 1898లో గెలిచిన సంగతి నాకు పదిసార్లు చెప్పి ఉంటాడు. ఆయన పారాయణం అది.

ఆ పొడుగాటి సమాసాలు నాకు నోరు తిరిగేవి కావు. ఆపి, విడదీసి, మళ్ళీ మొదటి నుంచి పట్టుకోవాలి. ఆ పావుగంటో ఇరవై నిమిషాలో ఫోన్లో వార్తలు చూసే వీలుండదు. మొదట్లో నాకు అందిన లాభం అదొక్కటే. దాన్ని చిన్నదని నేననను. బీపీ పెరుగుతోందని, రాత్రిపూట ఫోన్ దూరం పెట్టమని డాక్టర్ చెప్తే వినలేదు, హనుమంతుడు చెప్తే విన్నాను.

జూన్ 27, శుక్రవారం. పొద్దున్నే ఆఫీసు మీటింగ్‌లో ఉన్నాను. ఫోన్ ఒకటే కొట్టుకుంటోంది. సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, ఆరుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు. పౌరసత్వం సంగతి కోర్టు ముట్టుకోలేదు. ఒక జిల్లా జడ్జి దేశం మొత్తానికీ వర్తించేలా ఆర్డర్‌ని ఆపడం అధికారం దాటడమే కావచ్చు అన్నది. ప్రభుత్వ ఆర్డర్ మాత్రం ఇంకో ముప్ఫై రోజుల దాకా అమల్లోకి రాకూడదంది. అంటే జూలై 27. నా డ్యూ డేట్ ఆగస్టు 4.

కేసు వేసినవి ఇరవై రెండు రాష్ట్రాలు, రక్షణ ఇక వాటి వరకే మిగలొచ్చు. వాటిలో టెక్సాస్ లేదు.

మధ్యాహ్నానికల్లా మా ఆయన కంప్యూటర్ మీద అమెరికా మ్యాప్ తెరిచి రాష్ట్రాలకు రంగులు వేస్తున్నాడు. పడమటి సరిహద్దు దాటితే న్యూ మెక్సికో, అది కేసులో ఉంది. ఇక్కడి నుంచి ఆరేడు గంటల డ్రైవ్. న్యూజెర్సీ ఉంది, ఎడిసన్‌లో ఆయన పెదనాన్నగారి అబ్బాయి ఉన్నాడు. కానీ ముప్ఫై ఆరు వారాలు దాటితే విమానం ఎక్కడం కష్టం, నాకప్పటికే ముప్ఫై నాలుగు దాటాయి. అంత చివర్లో కొత్త డాక్టర్ తీసుకుంటారా? ఇన్సూరెన్స్ అక్కడ పనిచేస్తుందా? అమ్మ టికెట్ డాలస్‌కి కదా? నా బుర్ర ఇంకా దూరం వెళ్ళింది. పాపకి పత్రాలు రావు, పత్రాలు లేకపోతే ఇన్సూరెన్స్ రాదు, ఇన్సూరెన్స్ లేకపోతే టీకాలు ఉండవు, మా ఉద్యోగాలు పోతే అరవై రోజుల్లో వెళ్ళిపోవాలి, పాపని ఏ కాగితం మీద తీసుకెళ్ళాలి, విమానాశ్రయంలో పట్టుకుంటే... అలా ఒకదాన్నుంచి ఒకటి. సాయంత్రానికి వాంతి చేసుకున్నాను.

ఆ రాత్రి పారాయణానికి రానన్నాను. ఆంటీ ఫోన్ చేసి, "చదవకు, కూర్చుని విను" అన్నారు. భయపడకు అని మాత్రం అనలేదు. ఆవిడ ఆ మాట నాతో ఎప్పుడూ అనలేదని తర్వాత గుర్తుచేసుకున్నాను.

ఆ రోజు వంతు పదమూడో సర్గ. లంకంతా వెదికాడు. అంతఃపురం వెదికాడు, పానశాల వెదికాడు, పుష్పకం ఎక్కి చూశాడు. సీత కనపడలేదు. వచ్చి ప్రాకారం మీద కూర్చున్నాడు. అక్కడ హనుమంతుడు ఏం చేస్తాడో నాకు అప్పటిదాకా తెలియదు. మనకి తెలిసిన హనుమంతుడు గద భుజాన వేసుకుని ఛాతీ విరుచుకుని నిలబడే ఆయన. వాల్మీకి హనుమంతుడు అక్కడ కూర్చుని లెక్కలు వేస్తాడు. సీత కనపడలేదని చెప్తే రాముడు బతకడు. రాముడు పోతే లక్ష్మణుడు బతకడు. ఆ వార్త విని భరతుడు, భరతుణ్ణి చూసి శత్రుఘ్నుడు, కొడుకుల్ని పోగొట్టుకుని తల్లులు. స్నేహితుడి దుఃఖంతో సుగ్రీవుడు, ఆయన లేక రుమ, అప్పటికే వాలి పోయిన దుఃఖంలో ఉన్న తార, వాళ్ళ కోసం అంగదుడు, ఆ తర్వాత వానరులందరూ కొండల మీద నుంచి దూకుతారు. ఇదంతా చూసేకంటే నేను కిష్కింధకి వెళ్ళకపోవడమే మేలు, ఏ సముద్రపు ఒడ్డునో దొరికింది తింటూ ఉండిపోతాను, లేదంటే ప్రాణం తీసుకుంటాను అనుకుంటాడు.

నేను చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి మళ్ళీ పెట్టుకున్నాను. పొద్దుట్నుంచి నా బుర్రలో జరిగింది సరిగ్గా ఇదే. న్యూ మెక్సికో బదులు కిష్కింధ, అంతే తేడా. ఇంకా ఏమీ జరగలేదు. సీత బతికే ఉంది, కూతవేటు దూరంలోనే ఉంది. రాముడు బతికే ఉన్నాడు. ఒక్కడు గోడ మీద కూర్చుని అయోధ్య మొత్తాన్నీ, కిష్కింధ మొత్తాన్నీ తన ఊహలో చంపేశాడు. ఆ ఒక్కడూ ఎవరో కాదు, మనం ధైర్యం కోసం తలుచుకునే హనుమంతుడు.

ఆ తర్వాత ఏ దేవుడూ ప్రత్యక్షం కాడు, ఆకాశవాణీ వినపడదు. ఎదురుగా ఒక తోట కనిపిస్తుంది. పెద్ద పెద్ద చెట్లున్న అశోకవనం. దీన్ని నేనింకా వెదకలేదే అనుకుంటాడు. దేవతలకి నమస్కారం పెట్టి అటు వెళ్తాడు.

తాత్పర్యం చదవడం అయిపోయాక ఎవరూ మాట్లాడలేదు. ఆంటీ మాత్రం నన్నడిగారు, "ఏమ్మా, నువ్వింకా వెదకని చోటు ఏది?"

ప్రార్థన వల్ల ధైర్యం వస్తుందంటే నేను ఇంతకుముందు ఏదో వెచ్చటి శక్తి వచ్చి ఒంట్లో నిండడం అనుకునేదాన్ని. నాకు అలాంటిదేమీ జరగలేదు. ఆ రాత్రి కూడా రెండింటికి మెలకువ వచ్చింది. కానీ లేచి కూర్చుని కాగితం తీసుకుని, వెదకని చోట్లు రాశాను. పొద్దున్న చేయగలిగే పనులు మాత్రమే రాయాలని షరతు పెట్టుకున్నాను. తార, అంగదుడు, వానరులు ఆ కాగితం మీదకి రాకూడదు.

మొదటిది, పాప ఏ దేశానికీ చెందకుండా పోతుందా అన్నది. ఆ భయానికి జవాబు మన చట్టంలోనే ఉంది. విదేశంలో పుట్టిన బిడ్డను ఏడాదిలోపు కాన్సులేట్‌లో నమోదు చేయించి, వేరే దేశం పాస్‌పోర్టు లేదని రాసిస్తే భారత పౌరసత్వం వస్తుంది. మాకది హ్యూస్టన్ కాన్సులేట్. ఆ కాగితాలు చదివి పక్కన పెట్టుకున్నాను, పెళ్ళి సర్టిఫికెట్, మా పాస్‌పోర్టుల కాపీలతో సహా. ఇది తెలియగానే సగం బరువు దిగింది. రెండోది హాస్పిటల్. బర్త్ సర్టిఫికెట్ ఫారంలో వీసా సంగతి అడుగుతారా అని ఫోన్ చేశాను. అడగరట. మూడోది న్యూ మెక్సికో. మా డాక్టర్ ఒక్క మాటలో తేల్చేసింది, ఆ బీపీతో తొమ్మిదో నెలలో ఆరేడు గంటలు కారులో కూర్చోవడానికి ఒప్పుకోనని. మ్యాప్ మూసేశాం. ఆ మ్యాప్ మూసినందుకు నాకు కలిగిన శాంతి అంతా ఇంతా కాదు.

ఇక నాలుగోది. తీర్పు వచ్చిన కొన్ని గంటల్లోనే న్యూ హాంప్‌షైర్‌లో కొత్త కేసు పడిందని మా ఆయన చెప్పాడు. రాష్ట్రాల తరఫున కాదు, దేశంలో ఎక్కడ పుట్టినా సరే అలాంటి పిల్లలందరి తరఫునా ఒకే క్లాస్‌గా, అంటే అందర్నీ ఒకే గుంపుగా లెక్కించి. ఆ దావా కాగితాన్ని ఈసారి నేనే చదివాను. అందులో ముందు నిలబడిన తల్లి పేరు బార్బరా. అసలు పేరు కాదు, భయం వల్ల మారు పేరు. హోండూరస్ నుంచి వచ్చిందట, శరణు కోరుతూ దరఖాస్తు పెట్టుకుందట, అక్టోబర్‌లో నాలుగో కాన్పు. ఇంకొకామెది తైవాన్. ఇంకొకాయనది బ్రెజిల్.

మా పాప కోసం పోరాడుతున్న మనిషి ఎవరా అంటే, సంక్రాంతి భోజనాల దగ్గర 'వాళ్ళకి' అని పక్కన పెట్టేసిన ఆ వాళ్ళలో ఒకావిడ.

ఈ సంగతి ఆంటీకి చెప్పాను. ఆ వారం మేమంతా ఫ్రిస్కోలో ఉన్న కార్యసిద్ధి హనుమాన్ గుడికి వెళ్ళాం. అర్చన టికెట్ తీసుకుని, గోత్రం, పేరు, నక్షత్రం చెప్పే దగ్గర ఆంటీ నా పేరు చెప్పించాక, "ఇంకో పేరు కూడా అండీ. బార్బరా" అన్నారు. పూజారిగారు ఒక్క క్షణం తలెత్తి చూశారు.

"గోత్రం?"

"తెలీదండీ."

"నక్షత్రం?"

"అదీ తెలీదు. కడుపుతో ఉంది. అక్టోబర్‌లో పురుడు."

ఆయన ఇంకేం అడగలేదు. గోత్రం తెలియనివాళ్ళకి చెప్పే శివగోత్రం చెప్పి, బార్బరా నామధేయవత్యాః అంటూ, సుఖప్రసవ సిద్ధ్యర్థం అని కలిపి, అంతే గంభీరంగా పూర్తి చేశారు. నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత చాలాసేపు ఏడుపొచ్చింది. జనవరి నుంచి నేను దేవుణ్ణి అడుగుతున్నదంతా మా బిడ్డని తప్పించు అనే. మిగతా పిల్లలు ఏమవుతారన్నది నా లెక్కలో లేదు. ఆ రోజు నుంచి సంకల్పం చెప్పేటప్పుడు నా నోట మా పాప ఒక్కదాని పేరు రాలేదు, వస్తే అబద్ధంలా ఉండేది.

మా కాలనీలోనే గుడివాడ నుంచి వచ్చిన ఒకమ్మాయి ఉంది, భర్త హెచ్-1బీ వల్ల వచ్చే హెచ్-4 వీసా మీద, తనకీ అక్టోబరే. తెలుగు చర్చికి వెళ్తుంది. "బుధవారం ఉపవాస ప్రార్థనలో నీ పేరు కూడా చెప్తున్నాం అక్కా" అంది. తను రాత్రిపూట తొంభై ఒకటో కీర్తన చదువుకుంటుందట. నేను సుందరకాండ సంగతి చెప్తే, "ఎవరో ఒకరు వింటారులే అక్కా, అన్ని లైన్లూ బిజీగా ఉండవు" అంది.

జూలై 10న న్యూ హాంప్‌షైర్‌లోని కాంకర్డ్‌లో జడ్జి జోసెఫ్ లాప్లాంట్ తీర్పు చెప్పారు. ఫిబ్రవరి 20నా, ఆ తర్వాతా పుట్టిన, పుట్టబోయే అలాంటి పిల్లలందరూ ఒక క్లాస్ అని, వాళ్ళెవరి మీదా ఆ ఆర్డర్ అమలు చేయకూడదని. అప్పీలు కోసం ప్రభుత్వానికి వారం గడువిచ్చారు. ఆ వారం గడిచింది, తీర్పు నిలబడింది. జూలై 10 గురు పౌర్ణమి. ఆంటీ గ్రూపులో ఆ రోజు మెసేజ్‌లు ఎలా ఉంటాయో ఊహించుకోండి. మా ఆయన మాత్రం "జడ్జిగారు పంచాంగం చూసి పెట్టుకోలేదు విచారణ" అన్నాడు. ఇద్దరి మాటా నాకు నచ్చింది. మా పారాయణం వల్లే తీర్పు వచ్చిందని నేను ఎక్కడా చెప్పుకోలేదు, చెప్పుకోను. లాయర్లు రాత్రింబవళ్ళు కూర్చుని రాశారు, భయపడుతూనే ఒకావిడ సంతకం పెట్టింది. నా వల్ల అయింది, ఆ రెండు వారాలు బీపీ పెరగకుండా చూసుకోవడం.

అమ్మ ఆ మధ్యలోనే దిగింది. విజిటర్ వీసా మీద కూతురి పురుడికి వచ్చిన మనిషిని విమానాశ్రయంలో ఏమడుగుతారో అని మాకు భయం. "ఏమడిగారమ్మా?" అంటే, "ఎందుకొచ్చావన్నాడు. మనవరాలిని చూడ్డానికన్నాను. పొమ్మన్నాడు" అంది. ఆవిడ పెట్టెలో ఆవకాయ, కాయం, వాము, శొంఠి, పాత చీరలు చింపి కుట్టిన పొత్తిగుడ్డలు.

ఆగస్టు మొదటి శనివారం పాప పుట్టింది. నార్మల్ డెలివరీ. హనుమంతుడు బ్రహ్మాస్త్రానికి కట్టుబడి రావణుడి సభలో నిలబడ్డ ఘట్టం దగ్గర నా పారాయణం ఆగిపోయింది. పురిటి మైల, పుస్తకం ముట్టకూడదని అమ్మ. మా అత్తయ్యకీ అదే మైల కాబట్టి చిలుకూరు కూడా వాయిదా. "మరి తోకకి నిప్పు పెట్టేదెప్పుడు ఆంటీ?" అని నేను అడిగితే, "నీ బదులు మేం పెడతాంలే, నువ్వు పడుకో" అన్నారు ఆంటీ. మిగతావి వాళ్ళే పూర్తి చేశారు. పట్టాభిషేకం సర్గ చదివి చలిమిడి, వడపప్పు పంపించారు.

కాగితాల సంగతి, అడిగినవాళ్ళ కోసం రాస్తున్నాను. హాస్పిటల్‌లోనే ఒకామె ఫారం పట్టుకుని మంచం దగ్గరకు వచ్చింది. తల్లి పేరు, తండ్రి పేరు, పుట్టిన ఊరు. సోషల్ సెక్యూరిటీ నంబరు కావాలా అని ఒక గడి ఉంటుంది, దానికి టిక్ పెట్టాలి. కార్డు కొన్ని వారాల్లో పోస్టులో ఇంటికి వస్తుంది. బర్త్ సర్టిఫికెట్ కాపీలు ఒకటికి రెండు తీసుకోండి, పాస్‌పోర్టు వాళ్ళకి ఒకటి పంపాలి. పాస్‌పోర్టుకి తల్లిదండ్రులిద్దరూ బిడ్డతో కలిసి స్వయంగా వెళ్ళాలి. మేం పోస్టాఫీసుకి వెళ్ళాం. 2025లో అప్లికేషన్‌కి 100 డాలర్లు, అక్కడ కట్టేది 35, త్వరగా కావాలంటే ఇంకో 60. మేం ఆ 60 కట్టాం. ఫోటో మాత్రం ఇంట్లోనే. మంచం మీద తెల్ల దుప్పటి పరిచి, పాపని పడుకోబెట్టి, పైనుంచి తీయాలి. ఫోటోలో మన చెయ్యి పడకూడదు, నీడ పడకూడదు. అమ్మ పెట్టిన దిష్టి చుక్క బుగ్గ మీద ఉంది. అది తుడిచే దగ్గర అమ్మకీ మా ఆయనకీ చిన్న యుద్ధం. "దిష్టి చుక్క లేకుండా పరాయి ఊరి ఆఫీసుకి పంపిస్తావా పిల్లని?" అని అమ్మ. చివరికి చుక్క అరికాలికి మారింది.

పాస్‌పోర్టు ఇంకా రాకముందే సెప్టెంబర్ 19, శుక్రవారం సాయంత్రం ఇంకో పిడుగు. హెచ్-1బీకి లక్ష డాలర్ల ఫీజు, ఆదివారం నుంచి అమలు. బయట దేశంలో ఉన్నవాళ్ళు వెంటనే వచ్చేయండని కంపెనీల నుంచి మెయిల్స్. మా గ్రూపులో ఒకామె భర్త అప్పుడే హైదరాబాద్‌లో దిగాడు, ఇంటికి కూడా వెళ్ళకుండా వెనక్కి టికెట్ వెదుకుతున్నాడు. మరునాడు ప్రభుత్వమే చెప్పింది, కొత్త దరఖాస్తులకే, ఇప్పటికే వీసా ఉన్నవాళ్ళకి కాదని. ఆ శుక్రవారం రాత్రి మేమంతా ఫోన్లో ఉన్నాం. అతని భార్య ఏడుస్తూ, ఉద్యోగం పోతుంది, ఇల్లు పోతుంది, పిల్లల స్కూలు పోతుంది అంటుంటే నేను "ఆగు, నువ్వు అంగదుడి దాకా వచ్చేశావ్" అన్నాను. ఆమె అంత ఏడుపులోనూ నవ్వింది. పారాయణంలో కూర్చున్నవాళ్ళకి తప్ప ఆ మాట అర్థం కాదు.

పాస్‌పోర్టు అక్టోబర్‌లో వచ్చింది. గుడివాడ అమ్మాయికి కొడుకు పుట్టాడు. అత్తయ్య నూట ఎనిమిదీ పూర్తి చేసి, గళ్ళన్నీ కొట్టిన కార్డు ఫోటో పంపారు. పక్కనే ఉబ్బిన మోకాళ్ళ ఫోటో కూడా.

అంతటితో అయిపోలేదు. 2025 డిసెంబర్ 5న సుప్రీంకోర్టు ఈసారి అసలు ప్రశ్ననే, అంటే ఆర్డర్ రాజ్యాంగబద్ధమా కాదా అన్నదాన్నే విచారణకు తీసుకుంది. టీవీలో కేసు పేరు చూసి ఆంటీ ఫోన్ చేశారు. "ట్రంప్ వర్సెస్ బార్బరా అంటున్నారు, మన బార్బరాయేనా?"

"మన బార్బరాయే ఆంటీ."

"పురుడు వచ్చుండాలే ఈపాటికి. ఆడపిల్లో మగపిల్లాడో ఏమైనా రాశారా?"

నేను వెదికాను. నాకెక్కడా కనపడలేదు. మళ్ళీ పారాయణం మొదలుపెడుతున్నాం అన్నారు ఆంటీ. కాలనీలోకి కొత్తగా వచ్చిన ఒకామెకి మార్చిలో డెలివరీ, సంకల్పం ఆమెతో చెప్పిస్తారట, బార్బరా పేరు మామూలే. శ్లోకం చదివేది ఈసారి నేను, పాప పడుకుంటే. మొదటి సర్గ పెద్దది కాబట్టి అందరూ ఏడింటికే భోజనాలు కానిచ్చి కూర్చోవాలని గ్రూపులో మెసేజ్ పెట్టారు.